తొందర లేని ఇల్లు

సార్డీన్ చేపల ఖాళీ డబ్బాలో కొవ్వొత్తి ముక్కను అతికించి, ఆ డబ్బాను పొడుగాటి వెదురు కర్ర కొసకు తీగతో బిగించి, రోసమేల్ దాన్ని మనిషి దూరేంత పెద్ద వైన్ పీపాల్లో రెండోదాని అడుగున ఉన్న చిన్న తలుపులోంచి లోపలికి తోశాడు. మోకాళ్ళ మీద వంగి, దాదాపు చెంప నేలకు ఆనించి, మంటను చూస్తూ నూరు దాకా లెక్కపెట్టాడు. మంట ఒకసారి వణికి, మళ్ళీ నిటారుగా నిలబడింది. యాభై లెక్కపెడితే చాలంటారు మా ఇటాటా లోయలో వైన్ చేసేవాళ్ళు. రోసమేల్ నూరు లెక్కపెట్టి, కర్ర బయటికి లాగి, కాసేపు ఆగి, మళ్ళీ తోసి ఇంకో నూరు లెక్కపెడతాడు.

ద్రాక్ష పులిసేటప్పుడు వదిలే గాలికి రంగూ ఉండదు, చెప్పుకోదగ్గ వాసనా ఉండదు. వైన్ అంతా తోడేసినా, అడుగున మిగిలిన పిప్పి రోజుల తరబడి ఆ గాలి వదులుతూనే ఉంటుంది. అది బరువైన గాలి కనుక కిందనే పేరుకుంటుంది. మంట ఆరిపోయిన చోట మనిషి కూడా ఆరిపోతాడు. అందుకే మంటను పంపకుండా ఇక్కడెవరూ మనిషిని పంపరు.

రెండు నూర్లూ అయ్యాక రోసమేల్ చొక్కా విప్పాడు. అరవై ఏడేళ్ళ ఒంట్లో కండ కరిగిపోయి, భుజాల ఎముకలు చర్మం కింద కొయ్య చెక్కల్లా కదులుతున్నాయి. ముంజేతుల దాకా ద్రాక్ష రంగు ఎక్కి, ఏ సబ్బుకూ వదలకుండా ఊదాగా ఉండిపోయింది. ముందు కుడి చెయ్యి, తర్వాత తల, తర్వాత ఊపిరి బిగబట్టి ఎడమ భుజం లోపలికి దూర్చాడు. మెడలో తాడుకు వేలాడుతున్న అగ్గిపెట్టె తలుపు చెక్కకు టక్కుమని తగిలింది. పార కోసం చెయ్యి వెనక్కి చాచాడు.

బయట తోపుడుబండితో నిలబడ్డ త్రాన్సితో పార అందించింది. ఆమె పక్క ఇంటి విధవరాలు. కోతలప్పుడు ఏటా రెండు నెలలు ఇక్కడ పనికొస్తుంది.

"ఏమయ్యా, చుట్ట కాల్చవు, సిగరెట్టు కాల్చవు, పొయ్యి ముట్టించడానికి ఇంట్లో పెళ్ళామూ లేదు. ఆ అగ్గిపెట్టె మెడలో ఎందుకు మోస్తావు? స్నానానికైనా తీస్తావా?"

"తీస్తా," అన్నాడు లోపల్నించి రోసమేల్.

"ఎక్కడ పెడతావు?"

"చేతికందేంత దూరంలో."

ఆమె నవ్వి, అతను తోసిన పిప్పిని బండికెత్తుకుంది. పీపా లోపల చీకటి చల్లగా, పుల్లగా ఉంది. పార చెక్కను గీకే చప్పుడు లయగా బయటికి వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగకుండా చూసుకోవడం రోసమేల్‌కు అలవాటు. అలసిపోతే పార ఆపి, పిడితో చెక్క మీద కొడుతూ ఉంటాడు. లోపలి మనిషి చప్పుడు ఆగిపోతే బయటివాళ్ళకు ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

పది గంటలకు ఎదువీనా అమ్మగారు చేతికర్ర పొడుచుకుంటూ పీపాల కొట్టంలోకి వచ్చింది. ఆమెకు ఎనభై నాలుగు. ఈ మట్టిగోడల కొట్టం, మూడు పీపాలు, కొండవాలు మీద పందిరి లేకుండా మోకాలెత్తు మొద్దులుగా పెరిగే ద్రాక్షతోట అన్నీ ఆమె పుట్టింటివే. ఒక చేతిలో గుడ్డ మూట, అందులో నిప్పుల బూడిదలో కాల్చిన రొట్టె.

"రోసమేలూ, బయటికి రా. తొందరేం లేదు, నెమ్మదిగానే రా."

ఆ మాట ఈ ఇంటికి ఇంటిపేరు లాంటిది. చుట్టుపక్కల ఏప్రిల్ అంటే కోతల కాలం, పరుగు. వాన రాకముందే కోయాలి, తొక్కాలి, పులియబెట్టాలి. ఎదువీనా అమ్మగారి తోటలో మాత్రం ఎవరినీ ఎవరూ తరమరు. ఒక ఏడు నల్లమబ్బు సముద్రం వైపు నుంచి లేస్తుంటే కూలీలే కంగారు పడ్డారు. ఆమె మాత్రం తోట మధ్యలో నిలబడి, "తొందరేం లేదు, కాళ్ళు జారతాయి, మెల్లగా" అంటూనే ఉంది. ఆ ఏడు సగం పంట తీగ మీదే కుళ్ళింది. ఈ ఇంట్లో కోళ్ళు కూడా తొందరపడి గుడ్డు పెట్టవని త్రాన్సితో అంటుంటుంది. లోయలో అందరికీ దాని కారణం తెలుసు కాబట్టి గట్టిగా ఎవరూ నవ్వరు.

రోసమేల్ బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, రొట్టె అందుకున్నాడు. త్రాన్సితో బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. అమ్మగారు బోర్లించిన బుట్ట మీద కూర్చుంది.

"సాయంత్రం ఐదింటికి నోల్ఫా కారు తెస్తుంది. కొవెలేము పట్నం దాకా వెళ్ళి చర్చిలో సంతకం పెట్టి రావాలి."

నోల్ఫా ఆమె కూతురు. "ఏం సంతకం అమ్మగారూ?" అన్నాడు రోసమేల్.

"బెలార్మినో సమాధి పక్కన నా కోసం ఉంచుకున్న చోటు వదిలేస్తున్నా. దాన్ని నోల్ఫా వాళ్ళాయనకి రాయిస్తా. నన్ను అవతలి వరసలో, మా పిన్ని పక్కన పెట్టమంటా." ఆమె చేతికర్ర పిడిని బొటనవేలితో రుద్దింది. "డాక్టరు గుండె గురించి చెప్పాక రోజూ అదే ఆలోచన. వాణ్ణి తరిమి తరిమి చంపుకున్నదాన్ని, వాడి పక్కన పడుకోవడానికి నాకు మొహం లేదు."

రోసమేల్ నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

"నువ్వు తిను. తొందరేం లేదు," అని ఆమె లేచి, కర్ర పొడుచుకుంటూ వెళ్ళింది.

బెలార్మినో ఆమె చిన్నకొడుకు. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, ఇదే నెలలో, మూడో పీపాలో పోయాడు. అప్పుడతనికి ఇరవై నాలుగు. ఆ రోజు నాలుగింటికి వైన్ తీసుకెళ్ళే లారీ రావాలి. భోజనాలయ్యాక వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మగారు కొడుకును కేకేసింది. "ఏంట్రా, పెళ్ళికూతురు ముస్తాబా అది? తొందరగా కానియ్, లారీ నీ కోసం ఆగుతుందా?" కొడుకు చెవిన ఆమె వేసిన ఆఖరి మాట అదే. తల్లి తరిమిందని కుర్రాడు దీపం పెట్టి చూడకుండానే లోపలికి దూరేశాడని లోయ అంతా అనుకుంది. పోలీసూ అదే రాసుకున్నాడు. ఆమె అదే నమ్మింది. ఆ తర్వాత తొందర అనే మాట ఆమె నోట, లేదు అనే మాట తోడు లేకుండా, ఎవరూ వినలేదు.

రోసమేల్ మాత్రం అలా అనుకోలేదు. అలా అనుకునే వీలు అతనికి లేదు.

అతను రెండో పీపా కడగడం పూర్తిచేసి, మూడోదాని ముందు కూర్చున్నాడు. మూడూ ఒకే ముసలి రౌలీ చెట్ల కలపతో చేసినవి, ఒకే ఎత్తు, ఒకే నలుపు. పీపాను పారేసేంత కలిగిన ఇల్లు కాదు కనుక మరుసటి ఏడే మళ్ళీ దాన్ని నింపారు. అప్పటి నుంచి దాంట్లోకి రోసమేల్ తప్ప ఇంకొకరు దిగలేదు. అతను దిగనివ్వలేదు.

ఆ రోజు పొద్దున మూడో పీపాలో వైన్ తోడేశాక దీపం పెట్టి చూసింది రోసమేలే. మంట చక్కగా నిలబడింది. తర్వాత భోజనానికి పిలిచారు. పసుపు కందిరీగలు పిప్పి వాసనకు ముసురుతుంటే, వెళ్తూ వెళ్తూ పీపా పైమూత, అడుగు తలుపు అతనే మూసేశాడు. రెండు గంటలసేపు, మూసిన పీపాలో పిప్పి దాని పని అది చేసుకుపోయింది. తిరిగొచ్చాక తలుపులు తీశాడు. మళ్ళీ దీపం పెట్టాలి. అగ్గిపెట్టె కోసం జేబు తడుముకున్నాడు. కోటు వంటింట్లో మేకుకు తగిలించి వచ్చాడు. కొట్టం నుంచి వంటింటికి ఇరవై రెండు అడుగులు. ఆ తర్వాత అతను ఆ అడుగులు ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నాడో అతనికే తెలియదు. కడుపు నిండా చిక్కుడు గింజల పులుసు తిని ఉన్నాడు. ఎండగా ఉంది. బద్ధకం వేసింది.

అప్పుడే బెలార్మినో వచ్చి ఒక మాట అడిగాడు. దానికి రోసమేల్ ఒక జవాబు చెప్పాడు.

పార చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత ఆగింది. కాళ్ళు పట్టి బయటికి లాగేటప్పటికి బెలార్మినో ముఖం ప్రశాంతంగా, నిద్రపోతున్నవాడిలా ఉంది. పోలీసు అడిగితే, "నేను భోజనం చేసి అప్పుడే వచ్చాను. చూసుకున్నాడో లేదో నాకు తెలియదు," అన్నాడు రోసమేల్. మొదటి రోజు భయంతో అన్నాడు. మూడో రోజుకు అమ్మగారు గుండెలు బాదుకుంటూ తప్పంతా తన మీద వేసుకుంటుంటే, టోపీ చేత్తో పట్టుకుని గోడవారన నిలబడ్డాడు. ఆ రోజు సిగ్గుతో చెప్పలేదు. నెల గడిచాక ఇప్పుడెలా చెప్పడం అనుకున్నాడు. ఏడాది గడిచాక ఇంకెందుకు చెప్పడం అనుకున్నాడు.

చెప్పలేనివాడు చెయ్యగలిగింది చేశాడు. అడవి కంపెనీ వాళ్ళు పైన్ చెట్ల నరుకుడికి పిలిస్తే వెళ్ళలేదు. పక్క ఊరు రాంకిల్‌లో ఒక విధవరాలు, మంచి మనిషి, నాతో వచ్చెయ్యి అని మూడేళ్ళు అడిగి విసుగెత్తి ఇంకొకణ్ణి చేసుకుంది. పండగ రోజుల్లో కూడా తీగలు కత్తిరిస్తూ కనిపించేవాడు. అతన్ని చూపించి, "విశ్వాసమంటే అదీ" అని లోయలో తండ్రులు కొడుకులకు చెప్పేవారు. ఆ మాట చెవిన పడ్డ రోజు రోసమేల్‌కు తిండి సహించేది కాదు. ప్రతి ఏప్రిల్లో బెలార్మినో పేర చర్చిలో ప్రార్థన చేయిస్తే, అమ్మగారి పక్కన కూర్చునేది అతనే. ఆమె ఏడుస్తుంటే రుమాలు ఇచ్చేది కూడా అతనే.

ఇన్నేళ్ళూ ఆమె బతుకే పాడవుతోంది కదా అని ఎప్పుడూ అనుకోలేదా అంటే, అనుకున్నాడు. ఎప్పటికప్పుడు, పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు అని సర్దుకున్నాడు. ఇప్పుడు ఆమె చచ్చిపోయాక కూడా కొడుకుకు దూరంగా పడుకోబోతోంది. ఐదింటికి సంతకం పెడితే ఆ చోటు ఇంకొకరిదైపోతుంది. మూడో పీపా తలుపు గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండా చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి వంటింటి వైపు నడిచాడు. ఇరవై రెండు అడుగులు.

అమ్మగారు బల్ల దగ్గర కూర్చుని ఎండు చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గింజలు ఒక్కొక్కటిగా గిన్నెలో పడుతున్నాయి.

"కూర్చో. పులుసు ఇంకా ఉడకలేదు. తొందరేం..."

"అమ్మగారూ, ఆ సంతకం పెట్టకండి."

"ఏం, నీకెందుకయ్యా అది?"

"బెలార్మినో మీరు తరిమారని లోపలికి పోలేదు." అతను కూర్చోలేదు. టోపీ రెండు చేతుల్లో ఉంది. "వాడు నన్ను అడిగాడమ్మా. దూరే ముందు నావైపు తిరిగి, 'రోసమేలన్నా, దీపం పెట్టి చూశావా?' అన్నాడు. 'చూశా, నిలబడింది' అన్నాను. పొద్దున చూసింది అది. తలుపులు మూసి తెరిచాక మళ్ళీ చూడలేదు."

ఆమె వేళ్ళు కాయ మీద ఆగిపోయాయి. పొయ్యి మీద పులుసు కుతకుతమంటోంది.

"ఎందుకు చూడలేదు?"

"అగ్గిపెట్టె కోటు జేబులో ఉండిపోయింది. కోటు ఆ మేకుకి ఉంది."

ఆమె తల తిప్పి తలుపు పక్కన మేకును చూసింది. ఇప్పుడు దానికి ఆమె ఏప్రన్ వేలాడుతోంది. తర్వాత అతని మెడలో అగ్గిపెట్టెను చూసింది. అది అక్కడ ఎందుకుందో ఇన్నేళ్ళలో ఆమె అడగలేదు, ఒంటరి మనిషి చాదస్తమని ఊరుకుంది.

"మళ్ళీ చెప్పు. వాడేమన్నాడు?"

"'రోసమేలన్నా, దీపం పెట్టి చూశావా' అన్నాడు."

"కంగారుగా ఉన్నాడా?"

"లేదమ్మా. ఈల వేసుకుంటూ వచ్చాడు. తొట్టిలో చేతులు కడుక్కున్నాడు. నన్ను అడిగి, నేను చెప్పేదాకా ఆగాడు."

"ఆగాడు," అంది ఆమె.

"ఆగాడమ్మా."

"నేనంత కేకేసినా ఆగాడు." ఆమె చేతిలోని కాయ బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుపు చప్పుడు రాలేదు. భుజాలు మాత్రం కదిలాయి, అది ఏడుపో ఇంకేదో రోసమేల్‌కు తెలియలేదు. రుమాలు తియ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె చేతులు దించింది. కళ్ళు తడిగానే ఉన్నాయి, చూపు మాత్రం మారింది.

"ఆ మాట నోట్లో పెట్టుకుని ఇన్నేళ్ళు నా రొట్టె ఎలా మింగావురా?"

అతన్ని ఎప్పుడూ అరేయ్, ఒరేయ్ అనని మనిషి. రోసమేల్ తల వంచుకున్నాడు. "మింగానమ్మా."

"చర్చిలో నా పక్కన కూర్చున్నావు. నేను ఏడుస్తుంటే రుమాలిచ్చావు. ఎనభై నాలుగేళ్ళ ముండ, సగం పంట వానకిచ్చి, కూలీల చేత నవ్వించుకుని, ఎవరి మీదా నోరెత్తకుండా బతికితే, నువ్వు చూస్తూ నిలబడ్డావు."

"నిలబడ్డాను."

అతనికి క్షమించమని అడగాలనిపించింది. అడగడానికి కూడా హక్కుండాలని తోచి ఊరుకున్నాడు. ఇన్నేళ్ళూ ఈ మాట చెప్పేస్తే గుండె తేలికపడుతుందనుకున్నాడు. పడలేదు. ఆమె ముఖంలో మాత్రం అతను మరిచిపోయిన ఏదో తిరిగి వచ్చింది. పాత ఎదువీనా అమ్మగారు, లోయంతా వినిపించేలా కేకలు వేసే మనిషి, ఆ ముసలి ముఖం వెనక నుంచి తొంగిచూస్తోంది.

"ఐదింటికి నోల్ఫా వస్తుంది," అంది. "సంతకం లేదని చెప్తా. ఎందుకు లేదో కూడా చెప్తా. వాడు దానికి తమ్ముడు. నేను ముసలిదాన్నయ్యాను కాబట్టి ఇలా కూర్చుని వింటున్నా, అది వినదు. అప్పటికి నువ్వు ఇక్కడ ఉండకూడదు."

"మూడో పీపా మిగిలిందమ్మా. అది కడిగి..."

"వెళ్ళు."

అతను కదలలేదు.

"తొందరగా వెళ్ళు, రోసమేలూ," అంది ఆమె గొంతు పెంచి. "తొందరగా."

పెరట్లో తోపుడుబండి చప్పుడు ఆగిపోయింది. త్రాన్సితో బండి పిడులు పట్టుకునే వంటింటి కిటికీ వైపు చూస్తూ నిలబడింది. తను విన్నది నిజమేనా అని అనుమానపడ్డట్టు ఆమె తల పక్కకు వంచింది.

రోసమేల్ గది కొట్టం వెనక ఉంది. ఒక దుప్పటి, రెండు చొక్కాలు, గడ్డం కత్తి, పాత కోటు. మూట కట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. కోటు వేసుకుని, అలవాటుగా జేబులు తడిమి చూసుకున్నాడు. కొట్టం ముందు త్రాన్సితో ఎదురైంది.

"ఏమైందయ్యా? ఆవిడ తొందర అన్నదేంటి? మూట ఏంటి?"

"ఆవిడే చెప్తుంది. మూడోది నువ్వు చెయ్యాలి."

"నేనా? దాని దగ్గరికి నన్ను ఎప్పుడైనా రానిచ్చావా?"

"ముందు దీపం పెట్టు. తలుపు మూసి తీస్తే మళ్ళీ పెట్టు. పొద్దున చూసింది మధ్యాహ్నానికి పనికిరాదు. తెలిసిందా?"

"తెలుసులేవయ్యా, నేనేమన్నా నిన్న పుట్టానా?" అంది గానీ, అతని ముఖం చూసి నవ్వు ఆపుకుంది. "నూరు లెక్కపెడతాలే," అంది మెల్లగా.

అతను కొట్టంలోకి వెళ్ళి కొద్దిసేపట్లోనే బయటికి వచ్చాడు. చొక్కా గుండీ తెరుచుకుని ఉంది. మెడ చుట్టూ తాడు ఉండే చోట చర్మం మీద సన్నటి తెల్ల గీత ఉంది. వంటింటి వైపు చూడకుండా పెరటి గేటు దాటి, ద్రాక్ష మొద్దుల మధ్య దారిన బస్సు రోడ్డు వైపు దిగాడు. పరుగెత్తే వయసు కాదు. అయినా అమ్మగారు చెప్పినట్టే అతను వీలైనంత తొందరగా నడిచాడు. మలుపు దగ్గర ఒకసారి టోపీ కనిపించింది, తర్వాత కనిపించలేదు.

త్రాన్సితో కొట్టంలోకి వెళ్ళింది. మూడో పీపా తలుపు తెరిచి ఉంది. వెదురు కర్రకు కొత్త కొవ్వొత్తి కట్టి ఉంది. పక్కనే రాయి మీద అగ్గిపెట్టె, ఇరవై తొమ్మిదేళ్ళ చెమటకు నల్లబడ్డ తాడుతో సహా, ఇంకా మెడలో ఉన్నట్టే గుండ్రంగా పడి ఉంది.